తాళ్ళకొట్టు పైలట్టమ్మ

ఎవరైనా పైకెక్కుదామని చూస్తే ముందు కాలు పట్టుకు లాగడం, వాళ్ళు పడకపోతే "ఎక్కుతారని మాకు ముందే తెలుసు" అనడం మన ఊళ్ళకి పుట్టుకతో వచ్చిన గుణం. విజయనగరం అందుకు మినహాయింపేమీ కాదు. ఆ రోజుల్లో గంటస్తంభం దగ్గర ఆటో ఎక్కి "తాళ్ళకొట్టు పైలట్టమ్మ దగ్గరికి పోనీ" అంటే చాలు, డ్రైవరు వెనక్కి తిరిగి పళ్ళికిలించాకే బండి తీసేవాడు. పైలట్టమ్మ అసలు పేరు అర్చన. ఊరు పెట్టిన ఆ పేరుకి ఆమె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. ఎవరైనా కొట్లోకొచ్చి వెటకారంగా పిలిస్తే "ఏటి కావాలి, తాడా విమానమా?" అని ఎదురడిగేది.

కొట్టు తాతల నాటిది. కొబ్బరి తాళ్ళు, నైలాన్ తాళ్ళు, పురికొస, టార్పాలిన్లు, వలదారం అన్నీ దొరికేవి. రైతులు, లారీవాళ్ళు, భోగాపురం తీరం నుంచి వచ్చే పడవలవాళ్ళు, అందరికీ అదే కొట్టు. అర్చన తండ్రి జగన్నాధం గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. తల్లి, అర్చన బళ్ళో చేరిన ఏడే పోయింది. అందుకని బడి వదలగానే పిల్ల నేరుగా కొట్టుకొచ్చి తాళ్ళ చుట్టల మీద కూర్చుని ఎక్కాలు వల్లించేది. ఎక్కాలతో పాటు వ్యాపారమూ వంటబట్టింది.

జగన్నాధం కూతురికి నేర్పిన మొదటి పాఠం లెక్క కాదు, మొహం. "గల్లా మీద కూసున్నోడి మొహం సూసి, గోదాంలో సరుకుందో లేదో, ఒంట్లో బాగున్నాదో లేదో ఎవడికీ తెలీకూడదమ్మా. పెదవి దాటితే పృథివి దాటుతాది. మన బాధ తెలిసిందా, కొనేవోడు వెంటనే బేరం తగ్గించీస్తాడు. అందుకే ఎవడేటడిగినా, బాగానే ఉన్నాది, అమ్మవారి దయ అనాల. అని నవ్వాల" అనేవాడు.

అది ఆయనొక్కడి పద్ధతి కాదు, ఆ వీధి షావుకార్లందరి పద్ధతీ అదే. కడుపులో పుండున్నవాడూ, కొడుకుతో మాటల్లేనివాడూ, అందరూ పొద్దున్నే దేవుడి పటం ముందు దీపం పెట్టి, అదే నవ్వు తగిలించుకుని కూర్చునేవారు. ఆ నవ్వుల వెనక ఏముందో వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకే తెలియాలి. వాళ్ళకీ తెలుసో లేదో నాకు అనుమానమే.

పైకి ఎగరాలన్న పిచ్చి ఆమెకి పైడితల్లి పండగలో పట్టింది. బండికి కట్టి ఆకాశంలోకి ఎత్తిన పొడవాటి సిరిమాను ఊరేగుతోంది. కొసన కూర్చున్న పూజారిగారు మేడల కన్నా ఎత్తులో ఊగుతూ వస్తున్నారు. జనం అరటిపళ్ళు విసురుతున్నారు. తండ్రి భుజాల మీదున్న పిల్ల చేతులు జోడించడం మానేసి "నాన్నా, నేనెప్పుడెక్కుతాను?" అంది. "అది పూజారిగారికేనమ్మా" అన్నాడు జగన్నాధం. "అయితే అంతకంటే ఎత్తైంది ఏటుంది?" అని అడిగింది పిల్ల. తండ్రి ఆ చేతిలో ఒక అరటిపండు పెట్టాడు. అడిగింది మర్చిపోతుందిలే అనుకున్నాడు.

మర్చిపోలేదు. ఇంజనీరింగ్ అయ్యాక, వచ్చిన ఉద్యోగం కాదని, హైదరాబాదులో ఫ్లయింగ్ క్లబ్బులో చేరతానంది. ఇంట్లో రభస జరిగింది. "పడిపోతే?" అన్నాడు తండ్రి. "పడితే మానేస్తాను" అంది కూతురు. "పడ్డాక ఇంక మానడానికేటి మిగుల్తాదే!" అని ఆయన తల పట్టుకున్నాడు. తల పట్టుకున్నాడే గానీ కాదనలేదు. ఒక్కతే పిల్ల మరి. రెండేళ్ళకి అర్చన ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకుని తిరిగొచ్చింది. దానితో జీతానికి విమానం నడపకూడదు. తన సరదాకి తను ఎగరడానికే ఆ లైసెన్సు. అది మురిగిపోకుండా ఏటా రెండు మూడుసార్లు రైలెక్కి హైదరాబాదు వెళ్ళి, క్లబ్బు వాళ్ళ రెండు సీట్ల విమానంలో తిరిగొచ్చేది. మిగతా రోజుల్లో తండ్రి మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉంటే గల్లా మీద కూర్చునేది. పెళ్ళి సంబంధాలు తెచ్చి తెచ్చి చుట్టాలే అలిసిపోయారు, ఆమె అలిసిపోలేదు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. దేశంలో అక్కడక్కడా ఉన్న అర్చనలాంటి పైలట్లు ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. కూర్గులో కాఫీ తోటాయన, నాసిక్‌లో పళ్ళ డాక్టరమ్మ, ఇలాంటివాళ్ళు. వాళ్ళ మాటలన్నీ ఒకటే కల గురించి. విదేశాల్లో ప్రైవేటు కంపెనీలు మామూలు మనుషుల్ని అంతరిక్షం అంచుదాకా తీసుకెళ్ళే వాహనాలు కడుతున్నాయి. ప్రయాణికుల వెంట వెళ్ళడానికి సిబ్బంది కావాలి. పైలట్ లైసెన్సు ఉండి, పలచని గాలిలో తట్టుకునే శిక్షణ పూర్తిచేసిన సర్టిఫికెట్ కూడా ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ శిక్షణ బెంగుళూరు దగ్గర ఒక ప్రైవేటు కేంద్రంలో ఇస్తారు. అర్చన ఈ సంగతి దాచుకోలేదు. నేను అంతరిక్షంలోకి వెళ్ళడానికి సిద్ధమవుతున్నాను అని కొట్లోనే చెప్పింది.

ఇంకేముంది, ఊరంతటికీ ఒక్కసారే సామెత గుర్తొచ్చింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట! కూరల బజారులో అదే మాట, గుళ్ళో అదే మాట. అర్చన ఒకరోజు కొబ్బరి తాడుతో తనే ఒక ఉట్టి అల్లి గల్లా పైన దూలానికి వేలాడదీసింది. ఎవరైనా "ఉట్టికెగరలేనమ్మ" అని మొదలుపెట్టగానే లేచి, ఒక్క ఎగురు ఎగిరి, దాన్ని చేత్తో తట్టి, "ఉట్టయిపోయింది. ఇంక స్వర్గమే మిగిలింది. మీకేటి కావాలి?" అనేది. కొన్నాళ్ళకి ఆ సామెత కొట్టు గుమ్మం దాటి లోపలికి రావడం మానేసింది.

మానకుండా అన్నది ఒక్క ధనరాజే. పెదనాన్న కొడుకు. కొట్లో సరుకు రవాణా చూసేవాడు. చెడ్డవాడు కాదు. కానీ గల్లా తనకి దక్కలేదన్న దుగ్ధ మాత్రం ఉండేది. ఆమె శిక్షణకి బెంగుళూరు బయల్దేరే ముందు రోజు కొట్టు నిండా జనం ఉండగా అన్నాడు. "ఒసే అర్చనా, భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తాదంటన్నారు. అందులో టికెట్లు సింపుకో, సాలు. రాకెట్లెందుకే మనకి? తప్పి వస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా?"

అర్చనకి ఒళ్ళు మండింది. "తప్పి వస్తే ఈ గల్లా తాళాలు నీకే ఇచ్చీస్తాను అన్నయ్యా. ఇంతమందిలో సెప్తన్నాను" అంది. మూల కుర్చీలో ఉన్న జగన్నాధం ఉలిక్కిపడ్డాడు. అయినా మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు. ఎంతైనా ఆ వీధి మనిషి.

శిక్షణ కేంద్రంలో ఒక ఇనప గది ఉంది. గుండ్రటి కిటికీలు, రెండు పక్కలా బల్లలు, ఒక్కో మనిషికీ ఒక్కో ఆక్సిజన్ మాస్కు. అందరూ కూర్చున్నాక తలుపు బిగించి లోపలి గాలి తోడేస్తారు. కూర్చున్నది నేల మీదే అయినా, ఒంటికి మాత్రం పర్వతాల కన్నా ఎత్తుకి వెళ్ళినట్టే. అప్పుడు మాస్కు తీసి, కాగితం మీద చిన్న లెక్కలు చెయ్యాలి. నేర్పేది వాయుసేనలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన ముందే స్పష్టంగా చెప్పాడు. "ఇది ఎవరు ఎక్కువసేపు ఆగుతారన్న పందెం కాదు. తిమ్మిరి, మసక, తల తేలిక, ఏది మొదలైనా వెంటనే పైకి చెప్పండి. చెప్పి మాస్కు పెట్టుకోండి."

అర్చన ఆ మాటలు విన్నది. విని కూడా, చిన్నప్పటి నుంచి విన్న మాటే పాటించింది.

గ్రూపులోంచి తనతో పాటే వచ్చినవాళ్ళలో మొదట కాఫీ తోటాయన చెయ్యెత్తాడు. తర్వాత పళ్ళ డాక్టరమ్మ "వేళ్ళు లాగుతున్నాయి" అని మాస్కు పెట్టేసుకుంది. అర్చనకీ వేళ్ళు తిమ్మిరెక్కాయి. కాగితం అంచులు చీకటిపడుతున్నాయి. ధనరాజు గుర్తొచ్చాడు, కొట్టునిండా ఉన్న జనం గుర్తొచ్చారు. "అర్చనా, ఎలా ఉంది?" అని చెవులకున్న హెడ్‌ఫోన్లలో పెద్దాయన గొంతు. "బాగానే ఉంది సార్" అంది, నవ్వింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ బాగానే ఉందంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి తెలియదు. తెలివొచ్చేసరికి మొహానికి మాస్కు ఉంది, పక్కన నిలబడ్డ సహాయకుడి చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

సాయంత్రం పెద్దాయన వీడియో చూపించాడు. తెర మీద అర్చన రాసిన లెక్కే మళ్ళీ మళ్ళీ రాస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా నవ్వుతోంది. ఆ నవ్వు చూసి అర్చనకి ఒళ్ళు జలదరించింది. అది తన నవ్వు కాదు. తన తండ్రిది, ఆ వీధి మొత్తానిది. హుద్‌హుద్ తుపానుకి గోదాం రేకులెగిరిపోయి తాళ్ళన్నీ నానిపోయిన మర్నాడు, "మీకేం నష్టం కాలేదా?" అని అడిగినవాళ్ళకి "బాగానే ఉన్నాది, అమ్మవారి దయ" అని తను నవ్విన నవ్వే అది. ఆ రోజు తండ్రి మెచ్చుకున్నాడు కూడా, ఇప్పుడు నీకు గల్లా వచ్చిందమ్మా అని.

"మీ శరీరానికేం వంక లేదు" అన్నాడు పెద్దాయన. "వంక మీ నోటికే. మీరెలా ఉన్నారో మీరు చెప్పకపోతే, అక్కడ పైన మీ పక్కనున్నవాళ్ళు చచ్చిపోతారు. ఈసారికి సర్టిఫికెట్ ఇవ్వలేను. వచ్చే ఏడు రండి. ఇంకొక్క అవకాశమే ఇస్తాం." అర్చనకి కోపం రాలేదు. సిగ్గేసింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని తుని దాటేదాకా ఏడ్చింది.

ఊరు దిగేసరికి ఏడుపు అయిపోయింది. ఇంటికి పోకుండా నేరుగా కొట్టుకొచ్చింది. పొద్దుటి బోణీ వేళ. జగన్నాధం, ధనరాజు, తాళ్ళకొచ్చిన నలుగురూ ఉన్నారు. వాళ్ళలో భోగాపురం తీరం నుంచి వచ్చిన గంగులు ఒకడు. గంగులు బేరమాడటానికి పెట్టింది పేరు. పురికొస ముక్కకి కూడా పూటంతా బేరమాడేవాడు.

"ఏటమ్మా, ఎలగైందేటి?" అన్నాడు గంగులు.

ఫలితం ఇంకా రాలేదంటే సరిపోయేది. బాగానే ఉన్నాది అన్నా సరిపోయేది. ఏడాది దాకా ఎవరికీ తెలిసేది కాదు. తండ్రి కళ్ళు ఆ మాటే చెప్పమని బతిమాలుతున్నాయి.

"తప్పాను" అంది అర్చన.

ఆ గల్లా ముందు ఎవరైనా నష్టం ఒప్పుకోవడం, అదీ బోణీ వేళ, తాతల కాలం నుంచీ అదే మొదటిసారి. "వేళ్ళు తిమ్మిరెక్కితే బాగానే ఉన్నాదని అబద్ధమాడేను. అందుకు తప్పించీసారు. వచ్చే ఏడు మళ్ళీ ఎల్తాను" అని, తాళాల గుత్తి ధనరాజు చేతిలో పెట్టింది.

ధనరాజు కంగారుపడ్డాడు. "నేనేదో మాటవరసకన్నానే..." అని నసిగాడు. "నేను మాటవరసకనలేదు" అంది అర్చన. జగన్నాధం ఆ రోజు అన్నం తినలేదు. గల్లా పోయినందుకు కాదు. "బోణీ వేళ ఆ మాటనొచ్చేటే?" అన్నదే ఆయన బాధ.

ఆ ఏడంతా అర్చన గల్లా దిగి తాళ్ళ చుట్టల దగ్గర నిలబడింది. ఊళ్ళో కొందరికి అది పండగైంది. పైకెళ్తానన్నది కిందకొచ్చిందన్నారు. అననీ అనుకుంది. ఆమె ఒక్క పనే పెట్టుకుంది, ఉన్నదున్నట్టు చెప్పడం. చెప్పినంత సులువు కాదు. ఎలా ఉన్నావమ్మా అని ఎవరైనా అడగ్గానే నోరు దానంతటదే బాగానే ఉన్నానని తెరుచుకునేది. నాలుక కరుచుకుని, "తలనొప్పిగా ఉంది, రాత్రి నిద్రలేదు" అనేది. అడిగినవాళ్ళు బిత్తరపోయేవారు. మర్యాదకి అడిగినందుకు ఇంత జవాబొస్తుందని ఎవరనుకుంటారు?

ఒకసారి గంగులు ఒక నీలం తాడు బేరం చేస్తూ, ఇది సముద్రంలో ఆగుతాదా అని అడిగితే, "అది ఉప్పునీళ్ళకి ఆగదు. తీసుకోకు" అనేసింది. గల్లా మీద ధనరాజుకి గుండె ఆగినంత పనైంది. "నువ్వు కొట్లో పని సేస్తన్నావా, కొట్టు మూయిస్తన్నావా?" అని అరిచాడు. "అడిగేడు, సెప్పేను" అంది అర్చన. గంగులు ఆ తాడు వదిలేసి, ఇంకో తాడుకి యథాప్రకారం పూటంతా బేరమాడాడు. నిజం చెప్పినందుకు రూపాయి ఎక్కువిస్తాడనుకుంటే అది మన పొరపాటే.

మరుసటేడు మళ్ళీ అదే ఇనప గది. ఈసారి పక్కన కూర్చున్నవాళ్ళంతా కుర్రాళ్ళు, జిమ్ముల్లో కండలు పెంచినవాళ్ళు. అర్చనకి ఇదే చివరి అవకాశం. గాలి తోడేసేసరికి చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. మాస్కు తీశారు. లెక్క మొదలుపెట్టింది. చిటికెన వేలిలో చిన్న తిమ్మిరి. కుర్రాళ్ళెవరూ చెయ్యెత్తలేదు. ముందు తనే ఎత్తితే నవ్వుతారు. ముసలమ్మ అంటారు. పెదాలు అలవాటు చొప్పున నవ్వబోయాయి. వాటి మీద ఆమెకి ఎక్కడలేని కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ ఊరిని ఎదిరించానని మురిసిపోయింది గానీ, ఎదిరించాల్సింది ఈ నవ్వునే.

చెయ్యెత్తింది. "ఎడమ చిటికెన వేలు తిమ్మిరి. కాగితం అంచులు మసకగా ఉన్నాయి. నాకు భయంగా కూడా ఉంది సార్" అంది. గట్టిగానే అంది, అందరికీ వినపడేలా. తన చేత్తో తనే మాస్కు పెట్టుకుంది. చెవిలో పెద్దాయన గొంతు, "భయం సంగతి నేనడగలేదే" అంది. "అయినా చెప్తున్నాను" అంది అర్చన.

మిగతా పరీక్షలూ దాటి సర్టిఫికెట్‌తో కొట్టుకొచ్చింది. ధనరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లేచి గల్లా స్టూలు ఖాళీ చేశాడు. "కూసో. గెలిసేవు కదా" అన్నాడు. గొంతులో దుగ్ధ లేదు.

"నువ్వే కూసో అన్నయ్యా. నీకా మొహం బాగా కుదిరింది. నాకింక అది రాదు" అంది అర్చన.

ధనరాజుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరుకోలేక, "సర్టిఫికెట్ బాగానే ఉన్నాది. మరి రాకెట్టేదే? వాళ్ళు కట్టేదెప్పుడు, నిన్ను పిలిసేదెప్పుడు?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

"నువ్వు రోజూ పొద్దున్నే తలుపులు తీస్తన్నావు. బేరమొచ్చి గుమ్మంలో నిలబడిందని తీస్తన్నావా? తీసి కూసుంటేనే బేరమొస్తాది. నేనూ తలుపులు తీసి కూసున్నాను. వస్తే ఎల్తాను. రాకపోతే, తీసిన తలుపులు మూసీమని సెప్పడానికి నువ్వెవరు?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఆ రోజూ తాడు కోసం వచ్చిన గంగులు తల గోక్కున్నాడు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "అంత పైకెల్తానంటన్నావు. భయం నేదేటమ్మా?"

జగన్నాధం కుర్చీలో ముందుకి వంగాడు.

"ఉన్నాది గంగులూ. శానా ఉన్నాది. భయపడతానే ఎల్తాను" అంది అర్చన. అని ఒక్క ఎగురు ఎగిరి, ధనరాజు నెత్తి మీదున్న ఉట్టిని తట్టింది.

జగన్నాధం కూతురి వైపు చూశాడు. ఆ వీధిలో అందరికన్నా గట్టి మొహం ఆయనది. భార్య పోయిన వారానికే గల్లా మీద కూర్చుని నవ్విన మనిషి. ఆ మొహం మీద నవ్వు మెల్లగా జారిపోయింది. "నాకూ భయంగానే ఉన్నాదమ్మా" అన్నాడు కొట్టునిండా జనం వింటుండగా. "రోజూ భయమే. నువ్వు విమానమెక్కిన మొదటి రోజు నుంచీ భయమే. అయినా ఎల్లు."

అర్చన వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత గంగులు తను ఎంచుకున్న తాడు తీసుకుని, ధనరాజు చెప్పిన ధర ఇచ్చేసి, బేరమాడకుండా వెళ్ళిపోయాడు.